జెనెసిస్ తొలి ఆల్బమ్ ‘ఫ్రమ్ జెనెసిస్ టు రెవెలేషన్’: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంగ్లండ్ రాక్ బ్యాండ్ జెనెసిస్‌ని ఇష్టంగా వినేవాళ్లలో కూడా ఈ మొదటి ఆల్బమ్‌ని పూర్తిగా విన్నవాళ్లు తక్కువ. విన్నవాళ్లు మాత్రం వరసగా ప్రశ్నలు అడుగుతారు. ఇది నిజంగా వాళ్లదేనా? ఇంత పాప్ సంగీతంలా ఉందేంటి? ఆ వయొలిన్లు ఎందుకు? అలా ఎక్కువగా వచ్చే ప్రశ్నలకు నాకు తెలిసిన జవాబులు ఇక్కడ రాస్తున్నాను. మంచిచెడుల గురించి చెప్పినవన్నీ నా సొంత అభిప్రాయాలే.

ఇది ఎప్పుడు వచ్చింది? ఎవరు విడుదల చేశారు?

1969 మార్చిలో ఇంగ్లండ్‌లో డెక్కా రికార్డు కంపెనీ విడుదల చేసింది. ఎల్పీ రికార్డు రెండు వైపులా కలిపి 13 పాటలు, మొత్తం ముప్పావుగంట లోపే. నిర్మాత జోనాథన్ కింగ్.

అందులో ఎవరెవరు ఉన్నారు? ఫిల్ కాలిన్స్ ఉన్నాడా?

లేడు. కాలిన్స్ 1970 ఆగస్టులో డ్రమ్మర్‌గా చేరాడు. తర్వాతి గిటారిస్ట్ స్టీవ్ హ్యాకెట్ కూడా ఇంకా రాలేదు.

ఇందులో ఉన్నది పీటర్ గేబ్రియల్ (గానం, కొంచెం ఫ్లూట్), టోనీ బ్యాంక్స్ (పియానో, ఆర్గన్), ఆంథొనీ ఫిలిప్స్ (గిటార్), మైక్ రూథర్‌ఫోర్డ్ (బేస్, గిటార్), జాన్ సిల్వర్ (డ్రమ్స్). వీళ్లలో సిల్వర్ తప్ప మిగతా నలుగురూ సర్రే కౌంటీలోని గోడల్మింగ్ దగ్గర ఉన్న చార్టర్‌హౌస్ అనే పాత బోర్డింగ్ స్కూల్లో కలిసి చదువుకున్నవాళ్లు. అదే స్కూల్లో చదివిన క్రిస్ స్టూవర్ట్ మొదటి సింగిల్స్‌కి (విడిగా వచ్చే చిన్న రికార్డులకి) డ్రమ్స్ వాయించి, ఆల్బమ్ నాటికి బయటికి వెళ్లిపోయాడు. ఈయన తర్వాత స్పెయిన్‌లో పొలం కొనుక్కుని, ఆ జీవితం గురించి పుస్తకాలు రాసి పేరు తెచ్చుకున్నాడు.

ఆల్బమ్ రికార్డ్ చేసింది 1968 ఆగస్టులో. అప్పటికి గేబ్రియల్‌కి, బ్యాంక్స్‌కి 18 ఏళ్లు, రూథర్‌ఫోర్డ్‌కి 17, ఫిలిప్స్‌కి 16. పాటలు వినేటప్పుడు ఈ అంకెలు గుర్తుపెట్టుకోండి. పిల్లలు కదా అని వదిలేయమని చెప్పడం లేదు. ఆ వయసులో ఆ మెలొడీలు ఎలా కట్టారా అని ఆశ్చర్యపోవడానికి చెబుతున్నాను.

స్కూలు పిల్లలకు డెక్కా లాంటి పెద్ద కంపెనీలో ఛాన్స్ ఎలా దొరికింది?

పరిచయం వల్ల. జోనాథన్ కింగ్ కూడా చార్టర్‌హౌస్ పూర్వ విద్యార్థే. 1965లోనే సొంతంగా పాడిన పాటతో హిట్ కొట్టాడు. 1967లో పాత విద్యార్థుల రోజున స్కూలుకి వచ్చినప్పుడు, ఈ కుర్రాళ్ల స్నేహితుడొకడు వాళ్ల డెమో టేపుని ఆయన చేతికి చేర్చాడు. అప్పటికి వీళ్లు ఒక బ్యాండ్ కూడా కాదు. గేబ్రియల్, బ్యాంక్స్, స్టూవర్ట్ ‘గార్డెన్ వాల్’ అనే గ్రూపులో ఉంటే, ఫిలిప్స్, రూథర్‌ఫోర్డ్ ‘అనాన్’ అనే ఇంకో గ్రూపులో ఉండేవాళ్లు. పాటలు రాసి ఎవరికైనా ఇద్దాం, వాళ్లు పాడుకుంటారు అన్నదే వీళ్ల ఆలోచన.

కింగ్‌కి ముందు నచ్చింది గేబ్రియల్ గొంతు. సన్నని బొంగురుతో, లోపలెక్కడో నొప్పి ఉన్నట్టు పలికే గొంతు అది. బ్యాండ్‌కి జెనెసిస్ అని పేరు పెట్టింది కూడా కింగే. మొదట రాసిన కాంట్రాక్టు చాలా ఏళ్లకు కట్టిపడేసేలా ఉంటే, తల్లిదండ్రులు అడ్డుపడి దాన్ని ఏడాదికి తగ్గించారు. ఆ జాగ్రత్త లేకపోతే తర్వాతి జెనెసిస్ చరిత్ర వేరుగా ఉండేదని నా నమ్మకం.

ముందు వచ్చిన సింగిల్స్ సంగతేంటి?

1968 ఫిబ్రవరిలో ‘ద సైలెంట్ సన్’, మే నెలలో ‘ఎ వింటర్స్ టేల్’ వచ్చాయి. రెండూ చార్టుల్లోకి ఎక్కలేదు.

మొదటి పాట వెనక ఉన్న కథ తెలిస్తే ఆల్బమ్ సగం అర్థమవుతుంది. కుర్రాళ్లు ఇచ్చిన కొత్త డెమోలు కింగ్‌కి నచ్చలేదు. పొడవు ఎక్కువ, మలుపులు ఎక్కువ అనిపించాయి. ఆయన మనసు జారిపోకుండా ఉండాలని గేబ్రియల్, బ్యాంక్స్ కూర్చుని, కింగ్‌కి బాగా ఇష్టమైన బీజీస్ బ్యాండ్ పద్ధతిలో కావాలనే ఒక పాట కట్టారు. ఆయనకి వెంటనే నచ్చేసింది. ఆ పాటే ‘ద’ తీసేసి ‘సైలెంట్ సన్’ అనే పేరుతో ఆల్బమ్ రెండో వైపులో ఉంది. పాట చెడ్డదేమీ కాదు. రెండు నిమిషాల చిల్లరలో చక్కగా ముగుస్తుంది. కానీ వీళ్లు ఇంకొకరి గొంతులో మాట్లాడుతున్నారని వినగానే తెలిసిపోతుంది.

వయొలిన్లు, ట్రంపెట్లు ఎవరి ఆలోచన? ఆ గొడవ ఏంటి?

కింగ్ ఆలోచన. రికార్డింగ్ లండన్‌లోని రీజెంట్ సౌండ్ స్టూడియోలో, వేసవి సెలవుల్లో, కొద్ది రోజుల్లోనే ముగిసింది. కుర్రాళ్లు పియానో, గిటార్లు, బేస్, డ్రమ్స్, పాట అన్నీ పూర్తి చేసి వెళ్లిపోయాక ఆర్థర్ గ్రీన్‌స్లేడ్ అనే అరేంజర్ స్ట్రింగ్స్ (వయొలిన్ల లాంటివి), బ్రాస్ (ట్రంపెట్ల లాంటివి) రాసి పైన కలిపాడు. మిక్స్ విన్న ఫిలిప్స్‌కి కోపం ఆగలేదు, గదిలోంచి లేచి వెళ్లిపోయాడు. తన గిటార్ చాలా చోట్ల వినిపించకుండా పోయింది మరి.

ఇందులో ఒక సాంకేతిక విషయం ఉంది. స్టీరియో వెర్షన్‌లో బ్యాండ్ వాయించినదంతా కలిపి ఒక చానెల్లోకి తోసేసి, ఆర్కెస్ట్రాని రెండో చానెల్లో పెట్టారు. అంటే డ్రమ్స్, పియానో, గిటార్, బేస్ నాలుగూ ఒకే ఇరుకు గదిలో నిలబడితే, వయొలిన్లకు మాత్రం ఒక హాలు మొత్తం ఇచ్చేశారు. సౌండ్ పల్చగా, పాతగా అనిపించడానికి పెద్ద కారణం ఇదే. కుర్రాళ్ల వాయింపు అంత బలహీనంగా లేదు. రికార్డ్ చేసిన పద్ధతి వల్ల అలా వినిపిస్తుంది.

స్ట్రింగ్స్ ఉండటమే తప్పని నేను అనను. అదే డెక్కా సంస్థ లేబుల్ మీద 1967లో మూడీ బ్లూస్ ఆర్కెస్ట్రాతో కలిసి ఒక ఆల్బమ్ మొత్తం చేసి మెప్పించింది. మన సినిమా పాటల్లో చూడండి, గాయకుడు చరణంలో ఊపిరి తీసుకునే చోట వయొలిన్లు వచ్చి జవాబిస్తాయి, మళ్లీ తప్పుకుంటాయి. ఇక్కడ అలా తప్పుకోవు. పాట నెమ్మదిగా చెప్పదలుచుకున్న చోట కూడా అవి ముందే వచ్చి ‘ఇది విషాదం’, ‘ఇది ఆనందం’ అని చెప్పేస్తాయి.

కవర్ మీద బ్యాండ్ పేరు ఎందుకు లేదు?

అమెరికాలో అప్పటికే జెనెసిస్ పేరుతో ఇంకో బ్యాండ్ ఉందని తెలిసింది. పేరు మార్చడానికి కింగ్ ఒప్పుకోలేదు. చివరికి నల్లటి కవర్ మీద పాత బైబిళ్ల మీద ఉండే తరహా బంగారు రంగు అక్షరాల్లో ఆల్బమ్ పేరు ఒక్కటే వేశారు. ఫోటో లేదు, బొమ్మ లేదు.

ఫలితం ఊహించండి. నల్ల అట్ట, బంగారు అక్షరాలు, ‘ఆదికాండం నుంచి ప్రకటన దాకా’ అనే అర్థం వచ్చే పేరు. చాలా షాపులవాళ్లు దీన్ని మతపరమైన రికార్డుల అరలో పెట్టేశారు. రాక్ సంగీతం వెతుక్కునే కుర్రకారు ఆ అర దగ్గరికి ఎందుకు వెళ్తారు?

ఎన్ని కాపీలు అమ్ముడుపోయాయి?

మొదట్లో అమ్ముడుపోయినవి 650 కాపీలని బ్యాండ్ సభ్యులే తర్వాత చాలాసార్లు చెప్పుకొచ్చారు. 1969 జూన్‌లో ఆల్బమ్ మొదటి పాటని సింగిల్‌గా వదిలినా ఏమీ మారలేదు.

ఇది బైబిల్ కథని చెప్పే ఆల్బమా?

అలా మొదలవుతుంది, అలా సాగదు. విడివిడిగా ఉన్న పాటలకు ఒక దారం ఉంటే బాగుంటుందని బైబిల్ ఆలోచన ఇచ్చింది కింగ్. పాటల మధ్య చిన్న చిన్న వాద్య ముక్కలు పెట్టి కలపడం కూడా ఆ ప్రయత్నంలో భాగమే. ‘ఇన్ ద బిగినింగ్’లో సృష్టి, ‘ద సర్పెంట్’లో మనిషి పుట్టుక, పాము, ‘ఇన్ ద వైల్డర్‌నెస్’లో అరణ్యం. మొదటి వైపు వరకు ఎలాగో లాక్కొచ్చారు. రెండో వైపుకి వచ్చేసరికి ‘వన్ డే’ మామూలు ప్రేమపాట, ‘సైలెంట్ సన్’ ఏడాది కిందటి సింగిల్. బైబిల్ చివరి పుస్తకమైన ప్రకటన గ్రంథం ఊసే ఉండదు.

నాకు ఇందులో బాగా ఆసక్తి కలిగించేది ఇంకొకటి. ఈ ఆల్బమ్ పేరులో మాటిచ్చి ఇవ్వలేకపోయిన ఆ చివరి భాగాన్ని ఇదే బ్యాండ్ 1972లో ‘ఫాక్స్‌ట్రాట్’ ఆల్బమ్‌లోని ‘సప్పర్స్ రెడీ’ అనే 23 నిమిషాల పాటలో ఇచ్చింది. ప్రకటన గ్రంథంలోని బొమ్మలన్నీ అందులోకి వస్తాయి, తొమ్మిది మాత్రల లయ మీద బ్యాంక్స్ ఆర్గన్ ఉరుముతుంది. 1968లో బైబిల్ వాళ్లకు పైనుంచి ఇచ్చిన టాపిక్. నాలుగేళ్ల తర్వాత తమంతట తామే దాన్ని వెతుక్కుని వెళ్లారు. ఆ తేడా వింటే తెలుస్తుంది.

దీన్ని ప్రోగ్రెసివ్ రాక్ అనొచ్చా?

పొడవాటి పాటలు, మలుపులు తిరిగే వాద్య భాగాలు ఉండే రాక్‌ని అలా అంటారు. నా జవాబు: అనకూడదు. ఏ పాటా ఐదు నిమిషాలు దాటదు. మెల్లోట్రాన్ (వయొలిన్ల లాంటి శబ్దాలను టేపు మీంచి పలికించే కీబోర్డు) లేదు, పొడవాటి వాద్య భాగాలు లేవు, లయలో మెలికలు లేవు. 60ల చివర ఇంగ్లండ్‌లో వచ్చిన సుతిమెత్తని, ఆర్కెస్ట్రాతో అలంకరించిన పాప్ ఇది. అదే 1969 జూలైలో యెస్ బ్యాండ్ తొలి ఆల్బమ్, అక్టోబర్‌లో కింగ్ క్రిమ్సన్ తొలి ఆల్బమ్ వచ్చాయి. కింగ్ క్రిమ్సన్ ఆల్బమ్‌తో పోలిస్తే ఇది ఇంకో దశాబ్దం నుంచి వచ్చినట్టు ఉంటుంది.

అయితే విత్తనాలు లేవా అంటే ఉన్నాయి. బ్యాంక్స్ పియానో మీద పట్టే కార్డ్స్ వినండి. ఒక పాప్ పాటలో వెళ్లాల్సిన చోటికి వెళ్లకుండా, పక్క సందులోకి తిరిగి, మళ్లీ అనుకోని చోట తేలతాయి. ఆ అలవాటు చివరిదాకా ఆయన్ని వదల్లేదు. ఫిలిప్స్, రూథర్‌ఫోర్డ్ ఇద్దరూ అకూస్టిక్ గిటార్లు కలిపి అల్లే పద్ధతి కూడా ఇక్కడే మొదలైంది, కాకపోతే స్ట్రింగ్స్ కింద పూడిపోయింది.

ఎగుడుదిగుడుగా ఉందని అందరూ అంటారు. అసలు కారణం ఏంటి?

కుర్రతనం, అనుభవం లేకపోవడం, తక్కువ బడ్జెట్ అని సాధారణంగా చెబుతారు. అవన్నీ నిజమే. కానీ అవే కారణాలైతే అన్ని పాటలూ ఒకేలా తేలిపోవాలి కదా! అలా జరగలేదు. కొన్ని పాటలు ఇప్పటికీ నిలబడతాయి, కొన్ని మొదటి నిమిషంలోనే జారిపోతాయి.

నేను గమనించింది ఇది. ఈ 13 పాటల్లో రెండు రకాలున్నాయి. ఒకటి, తమ కోసం రాసుకున్నవి. స్కూల్లో ఖాళీ గదుల్లో పియానో ముందు, గిటార్ పట్టుకుని కట్టినవి. రెండోది, నిర్మాతకి నచ్చాలని, చార్టుల్లో ఎక్కాలని, ఆల్బమ్ థీమ్‌కి అతకాలని రాసినవి. మొదటి రకంలో మెలొడీ ఊపిరి తీసుకుంటుంది. రెండో రకంలో పాట ప్రతి క్షణం మన మొహంలోకి చూస్తూ ‘నచ్చిందా?’ అని అడుగుతున్నట్టుంటుంది.

దీనికి సాక్ష్యం ఆల్బమ్‌లోనే ఉంది. ‘ఇన్ ద వైల్డర్‌నెస్’ పల్లవి భావం చూడండి: నాకు వినిపించేదంతా సంగీతమే, తప్పకుండా మెప్పించే సంగీతమే, అయినా నేను ఇంకేదో వెతుకుతున్నాను. తెలిసి రాశారో తెలియక రాశారో గానీ, అప్పటి వాళ్ల పరిస్థితికి అంతకన్నా సరిపోయే మాటలు లేవు. ఆ పల్లవి ఆల్బమ్ మొత్తంలో అన్నిటికన్నా గట్టిది కావడం నాకు వింతగా అనిపించదు.

తప్పకుండా వినాల్సిన పాటలు ఏవి?

‘ఇన్ ద వైల్డర్‌నెస్’ గురించి చెప్పాను. చరణాల్లో పియానో తొందరగా నడుస్తుంది, పల్లవి వచ్చేసరికి పాట అంతా ఒక్కసారిగా విచ్చుకుంటుంది. గేబ్రియల్ ఆ పల్లవిని గొంతు చించుకోకుండానే పైకి తీసుకెళ్తాడు. ఒక్క పాటే వినే టైమ్ ఉంటే ఇది వినండి.

‘ఇన్ హైడింగ్’ నాకు ఈ ఆల్బమ్‌లో అన్నిటికన్నా ఇష్టమైనది. దీని ట్యూన్ ఫిలిప్స్ స్కూల్లో ఉండగా ‘ప్యాట్రిషియా’ అనే పేరుతో కట్టిన గిటార్ ముక్క, దానికి తర్వాత మాటలు చేర్చారు. నన్ను ఎత్తండి, దించండి, తిప్పండి, స్విచ్ వేయండి అని ఒక వస్తువులా మొదలై, నేను దాక్కున్న చోట మాత్రం నా బుర్ర నాదే అని తేల్చి చెబుతాడు గాయకుడు. బోర్డింగ్ స్కూల్ గోడల మధ్య పెరిగిన కుర్రాళ్లు ఇది రాశారంటే ఎవరి గురించో వేరే చెప్పక్కర్లేదు. గిటార్ మీటు ఊయలలా మూడు మాత్రల మీద ఊగుతుంది. ఇక్కడ వయొలిన్లు కూడా కాస్త మర్యాదగానే ఉన్నాయి.

‘యామ్ ఐ వెరీ రాంగ్?’ విషయం కూడా ఇలాంటిదే. అందరూ సంతోషంగా ఉండే యంత్రంలోంచి బయటపడాలనుకోవడం తప్పా అని చరణంలో గేబ్రియల్ దాదాపు గుసగుసగా అడుగుతాడు. వెంటనే పల్లవిలో పుట్టినరోజు శుభాకాంక్షలు చెబుతూ తేటగా, నవ్వుతూ గొంతులు వస్తాయి. ఆ సంతోషాల యంత్రం మాట్లాడుతున్నట్టే ఉంటుంది. ఒకే పాటలో ఇద్దరు మనుషుల్ని నిలబెట్టడం, ఒకరి మాటని ఇంకొకరు కప్పేయడం గేబ్రియల్ తర్వాత నాటకంలా విస్తరించిన పద్ధతి. దాని మొదటి గీత ఇక్కడ ఉంది.

‘ఫైర్‌సైడ్ సాంగ్’ పియానోతో మొదలయ్యే తీరు అందంగా ఉంటుంది. తర్వాత జానపద బాణీలోకి దిగుతుంది. మెలొడీ తేలిక, ఒకసారి వింటే నోట్లో ఆడుతుంది. ‘ద సర్పెంట్’లో మాత్రం కాస్త కరుకుతనం ఉంది. స్కూల్లో చేసిన ‘షి ఈజ్ బ్యూటిఫుల్’ అనే డెమో ట్యూన్‌కి సృష్టి కథని తొడిగారు. గిటార్ రిఫ్, ఆర్గన్ ఉండటం వల్ల ఇది అసలు బ్యాండ్ వాయించిన పాటలా వినిపిస్తుంది.

చివరి పాట ‘ఎ ప్లేస్ టు కాల్ మై ఓన్’ రెండు నిమిషాలే. గొంతు, పియానో, అంతే అన్నట్టు మొదలవుతుంది. ఇంకాస్త సాగదీసి ఉంటే బాగుండేదనిపించే పాట ఇదొక్కటే.

వదిలేసినా ఫర్వాలేదనిపించేవి?

‘ద కాంకరర్’. ఎక్కడికీ పోదు. ‘ఇన్ లింబో’లో బ్రాస్ మోత భరించడం కష్టం, చివర్లో పాట ఏం చేయాలో తోచక అరుపుల్లోకి వెళ్తుంది. ‘వన్ డే’ తీయగా ఉంటుంది గానీ పంచదార ఎక్కువైంది.

‘వేర్ ద సోర్ టర్న్స్ టు స్వీట్’ విషయంలో నాకు బాధ ఉంది. చిటికెలు, పియానోతో ఎంత బాగా మొదలవుతుందో! గేబ్రియల్‌కి అమెరికన్ సోల్ సంగీతం అంటే ప్రాణం, ఆ మొదటి వరుసల్లో అది తెలుస్తుంది. అంతలో ఆర్కెస్ట్రా వచ్చి పడుతుంది. ‘విండో’ మధ్యరకం. సాయంత్రం పూట వింటే బాగానే ఉంటుంది, మర్నాటికి గుర్తుండదు.

స్ట్రింగ్స్ లేకుండా వినే దారి ఉందా?

రెండు దారులున్నాయి. 1998లో వచ్చిన ‘జెనెసిస్ ఆర్కైవ్ 1967–75’ అనే నాలుగు సీడీల సెట్‌లో చివరి డిస్క్ అంతా ఈ తొలి రోజులదే. అందులో ఆల్బమ్‌లోని కొన్ని పాటల రఫ్ మిక్స్‌లు ఆర్కెస్ట్రా లేకుండా ఉన్నాయి. ‘ప్యాట్రిషియా’, ‘షి ఈజ్ బ్యూటిఫుల్’ డెమోలు కూడా అందులోనే దొరుకుతాయి. సౌండ్ క్వాలిటీ గొప్పగా ఉండదు. అయినా ఈ పాటల అసలు మొహం చూడాలంటే అదే సరైన చోటు.

రెండోది ఇంట్లో చేసుకునేది. పైన చెప్పినట్టు స్టీరియో వెర్షన్‌లో బ్యాండ్ ఒకవైపు, ఆర్కెస్ట్రా ఒకవైపు ఉంటాయి. ఫోన్ సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీ దగ్గర ఎడమ, కుడి చెవుల బ్యాలెన్స్ మార్చే గీత ఉంటుంది. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని దాన్ని ఒక చివరికి, తర్వాత ఇంకో చివరికి జరిపి చూడండి. ‘ఫైర్‌సైడ్ సాంగ్’తో మొదలుపెడితే తేడా బాగా తెలుస్తుంది. వయొలిన్లు దూరంగా పోగానే పియానో, గిటార్ మధ్య జరిగే చిన్న మాటలు వినిపిస్తాయి. పాట చిన్నదైపోతుంది, కానీ నిజమైన మనుషులు వాయిస్తున్నట్టు ఉంటుంది.

ఇదే ఆల్బమ్ నాలుగైదు పేర్లతో కనిపిస్తోంది. ఏది కొనాలి?

హక్కులు కింగ్ దగ్గరే ఉండిపోవడం వల్ల వచ్చిన చిక్కు ఇది. జెనెసిస్ పెద్ద పేరు తెచ్చుకున్నాక ఇవే పాటలని ‘ఇన్ ద బిగినింగ్’, ‘రాక్ రూట్స్’, ‘అండ్ ద వర్డ్ వాజ్’ లాంటి పేర్లతో, రకరకాల కవర్లతో మళ్లీ మళ్లీ అమ్మారు. కొన్నిటిలో ఆల్బమ్‌లో లేని సింగిల్స్ కూడా కలిపారు. కొత్త ఆల్బమ్ అనుకుని కొనేముందు పాటల జాబితా చూసుకోండి.

బ్యాండ్ తన పాత ఆల్బమ్‌లన్నీ కొత్తగా మిక్స్ చేసి బాక్స్ సెట్లుగా వేసినప్పుడు ఇది అందులో లేదు. వాళ్ల ‘1970–1975’ సెట్ బ్యాండ్ రెండో ఆల్బమ్ ‘ట్రెస్‌పాస్’తోనే మొదలవుతుంది. అందుకే చాలామంది అదే మొదటిదనుకుంటారు.

పాత డెక్కా ఎల్పీ దొరికితే ఎలా గుర్తుపట్టాలి?

స్టీరియో కాపీ నంబర్ ఎస్‌కేఎల్ 4990, మోనో కాపీ ఎల్‌కే 4990. కవర్ మీద బొమ్మలు ఉన్నాయంటే అది మొదటి ముద్రణ కాదు. పాటల సాహిత్యం అచ్చేసిన కాగితం లోపల ఉండాలి. రెండు రకాలూ ఖరీదైనవే, మోనో ఇంకా అరుదు. వినడం కోసమే అయితే ఇంత డబ్బు పెట్టనక్కర్లేదు.

జోనాథన్ కింగ్ జైలుకి వెళ్లాడని విన్నాం, నిజమేనా?

నిజమే. మైనర్లపై లైంగిక నేరాల కేసులో 2001లో లండన్ కోర్టు ఆయనకి ఏడేళ్ల శిక్ష వేసింది. ఈ ఆల్బమ్ మీద ఆయన పేరు కనిపిస్తే కొందరికి వినబుద్ధి కాదు, వాళ్ల నిర్ణయాన్ని నేను గౌరవిస్తాను. పాటలు రాసింది, పాడింది మాత్రం ఆ కుర్రాళ్లే.

ఈ ఓటమి తర్వాత బ్యాండ్ ఎలా నిలబడింది?

దాదాపు విడిపోయారు. సిల్వర్ చదువుకోడానికి అమెరికా వెళ్లిపోయాడు. మిగతావాళ్లు కాలేజీయా, సంగీతమా అని తేల్చుకోలేక కొన్ని నెలలు గడిపారు. చివరికి జాన్ మేహ్యూ డ్రమ్మర్‌గా చేరాక, 1969 చివర్లో సర్రేలోనే డోర్కింగ్ దగ్గర ఒక స్నేహితుడి కుటుంబానికి చెందిన పల్లెటూరి ఇంట్లో అందరూ మకాం పెట్టారు. రోజంతా వాయించడం, పాటలు పొడిగించడం, తెంచడం, మళ్లీ కట్టడం. ఈసారి నచ్చజెప్పాల్సిన నిర్మాత పక్కన లేడు.

1970 అక్టోబర్‌లో చారిస్మా లేబుల్ మీద వచ్చిన ‘ట్రెస్‌పాస్’లో ఆరే పాటలు. అందులో ‘విజన్స్ ఆఫ్ ఏంజెల్స్’ అసలు తొలి ఆల్బమ్ నాటి పాట, అప్పుడు పక్కన పెట్టేశారు. రెండు ఆల్బమ్‌లనీ పక్కపక్కన పెట్టి పోల్చాలంటే ఈ పాటనే ఎంచుకోవాలి. రాసిన చెయ్యి ఒక్కటే, కాలం ఒక్కటే. స్ట్రింగ్స్ స్థానంలో మెల్లోట్రాన్ వచ్చింది, పాటకి ఏడు నిమిషాల చోటు దొరికింది. ఆ చోటు ఇస్తే ‘ఇన్ ద వైల్డర్‌నెస్’ ఏమై ఉండేదో ఊహించుకోవచ్చు.

అయితే ‘ట్రెస్‌పాస్’ బయటికి వచ్చే ముందే, స్టేజ్ మీద టెన్షన్ తట్టుకోలేక ఫిలిప్స్ బ్యాండ్ వదిలేశాడు. తొలి ఆల్బమ్‌లో ఎవరి గిటార్ అయితే మరుగున పడిందో, ఆ నలుగురు స్కూలు స్నేహితుల్లో ఆ మనిషే ముందు వెళ్లిపోయాడు. తర్వాతి జెనెసిస్‌లో అకూస్టిక్ గిటార్లు మెరిసిన ప్రతిచోటా ఆయన నేర్పిన వేళ్లే కదులుతాయని నాకనిపిస్తుంది.

తెలుగువాళ్లతో దీనికి ఏమైనా సంబంధం ఉందా?

ఈ ఆల్బమ్‌తో లేదు. గేబ్రియల్‌తో ఉంది. ఆయన తర్వాత స్థాపించిన రియల్ వరల్డ్ లేబుల్, పశ్చిమ గోదావరి జిల్లా పాలకొల్లులో పుట్టిన మాండొలిన్ యు. శ్రీనివాస్ కర్ణాటక సంగీతాన్ని 1994లో ‘రామ శ్రీరామ’ పేరుతో విడుదల చేసింది. మరుసటి ఏడాది గిటారిస్ట్ మైకేల్ బ్రూక్‌తో శ్రీనివాస్ చేసిన ‘డ్రీమ్’ కూడా అదే లేబుల్ నుంచి వచ్చింది. శ్రీనివాస్ పుట్టింది 1969 ఫిబ్రవరి 28న, అంటే ఈ ఆల్బమ్ విడుదలకు కొద్దిగా ముందు. ‘డ్రీమ్’ వినకపోతే తప్పక వినండి, ఇక్కడ చెప్పుకుంటున్న దానికి సంబంధం లేకపోయినా సరే.

జెనెసిస్ కొత్తగా వినేవాళ్లు దీంతోనే మొదలుపెట్టాలా?

వద్దు. ముందు ‘ఫాక్స్‌ట్రాట్’గానీ, 1973లో వచ్చిన ‘సెల్లింగ్ ఇంగ్లండ్ బై ద పౌండ్’గానీ వినండి. అవి నచ్చితే వెనక్కి ‘ట్రెస్‌పాస్’కి రండి. ఆ తర్వాత దీని దగ్గరికి వస్తే బ్యాంక్స్ కార్డ్స్ మలుపులు, గేబ్రియల్ గొంతులోని ఆ నొప్పి మీరే గుర్తుపడతారు. 13 పాటలూ ఒకేసారి వినాల్సిన పని లేదు. ‘ఇన్ ద వైల్డర్‌నెస్’, ‘ఇన్ హైడింగ్’, ‘యామ్ ఐ వెరీ రాంగ్?’, ‘ఫైర్‌సైడ్ సాంగ్’, ‘ఎ ప్లేస్ టు కాల్ మై ఓన్’ ఈ వరసలో ఒక ప్లేలిస్ట్ చేసుకోండి. అవి మనసుకి పట్టాక మిగతా వాటికి వెళ్లండి.